కౌంటీ తెలిస్తేనే కాగితం దొరుకుతుంది

చిట్టీ,

నీ ఉత్తరం చదివాను. ఇల్లు మారడంలో విడాకుల డిక్రీ పోయిందనీ, హైదరాబాదులో పెళ్లి రిజిస్ట్రేషన్‌కు అది అడుగుతున్నారనీ, ఇంటర్నెట్‌లో ఎవరో 40 డాలర్లు కడితే రికార్డు తెచ్చిపెడతామంటున్నారనీ రాశావు. కట్టకు. తొందరలో నేనూ ఒకసారి అలాంటివాళ్లకు డబ్బు కట్టినదాన్నే. వాళ్లు పంపిన కాగితంలో పేరు, ఊరు, సంవత్సరం ఉన్నాయి. మూడూ నేను వాళ్లకు చెప్పినవే! జడ్జి సంతకం లేదు, కోర్టు ముద్ర లేదు. నీకు కావలసింది ముద్ర పడిన నకలు. అది ఇవ్వగలిగేది ఆ ఫైలును భద్రపరిచే కోర్టు క్లర్కు ఒక్కరే.

డాలస్‌లో లాయరు గారి ఆఫీసులో ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఓపికగా చదువు.

ముందు మన దేశపు అలవాటు ఒకటి మనసులోంచి తీసెయ్యి. అక్కడ కేసులో సంబంధం లేనివాళ్లు నకలు అడగాలంటే ఎందుకో చెప్పుకోవాలి, అఫిడవిట్ వేయాలి, కోర్టు ఒప్పుకోవాలి. అమెరికాలో కోర్టు ఫైలు మామూలుగా బహిరంగం. ఎవరైనా అడగవచ్చు, కారణం చెప్పనక్కర లేదు. నీ డిక్రీని నువ్వే కాదు, మీ పక్కింటావిడా తీసుకోవచ్చు. ఇది మంచిదా అంటే నాకు ఇప్పటికీ తేల్చుకోవడం కష్టమే. అన్ని రాష్ట్రాలూ ఒకటి కావు కూడా. న్యూయార్క్‌లో విడాకుల ఫైలు భార్యాభర్తలకూ వారి లాయర్లకూ తప్ప ఇతరులకు చూపరు. నీది టెక్సాస్ కేసు కావడం ఒక రకంగా అదృష్టం. ఇంకో మాట: సమాచార హక్కు దరఖాస్తు లాంటిది ఏదైనా పెడదామనుకుంటావేమో, వద్దు. టెక్సాస్‌లో ఆ చట్టం కోర్టులకు వర్తించదు. కేంద్ర ప్రభుత్వ చట్టమేమో కేంద్ర కార్యాలయాలకే. క్లర్కును నేరుగా అడగడమే దారి.

ఇక అసలు చిక్కు. ఏ క్లర్కు? కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. టెక్సాస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి, దేని రికార్డులు దానివే. "ఫ్రిస్కోలో ఉన్నప్పుడు అయింది" అని రాశావు. ఫ్రిస్కో ఊరు ఒకటే కానీ కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. నీ పాత ఇంటి చిరునామా ఏ కౌంటీలో పడుతుందో ముందు చూసుకో. కౌంటీల ఆస్తి పన్ను వెబ్‌సైటులో ఆ చిరునామా కొడితే నిమిషంలో తేలుతుంది. అంతటితో అయిపోలేదు. టెక్సాస్‌లో విడాకులు కోరాలంటే ఇద్దరిలో ఒకరు ఆ రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. ఆ ఒకరు నువ్వే కానక్కర లేదు. నీ మాజీ భర్త అప్పటికే ఇర్వింగ్ వెళ్లిపోయి అక్కడినుంచి వేసి ఉంటే నీ కేసు డాలస్ కౌంటీలో ఉంటుంది. కాగితాలు నీకు అందినప్పుడు పైన ఏ కౌంటీ పేరు ఉందో గుర్తు తెచ్చుకో. లాయరుకు కట్టిన చెక్కు, పాత ఈమెయిలు, ఏదో ఒకటి పనికొస్తుంది.

కౌంటీ తెలిశాక కూడా ఒక మలుపు ఉంది. నా ఉద్యోగం మొదటి నెలలో నన్ను ఏడిపించింది అదే. ఒక కౌంటీలో విడాకుల డిక్రీ కోసం కౌంటీ క్లర్కు కౌంటర్‌లో గంటన్నర నిలబడ్డాను. నా వంతు వచ్చాక ఆవిడ వెతికి, ఆ పేర్ల మీద ఏమీ లేదంది. లేదంటే లేదనుకుని వెనక్కి వచ్చాను. లాయరు గారు నవ్వి, "డిస్ట్రిక్ట్ క్లర్కును అడగమన్నాను కదమ్మా" అన్నారు. అదే ప్రాంగణం, వేరే భవనం. టెక్సాస్‌లో విడాకులు, పెద్ద సివిల్ దావాలు, పెద్ద నేరాల కేసులు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఉంటాయి. పెళ్లి లైసెన్సులు, ఆస్తి దస్తావేజులు, వీలునామాల కేసులు, జైలుశిక్ష పడే చిన్న నేరాల కేసులు కౌంటీ క్లర్కు దగ్గర ఉంటాయి. పెళ్లి ఒకరి దగ్గర, విడాకులు ఇంకొకరి దగ్గర! చిన్న కౌంటీల్లో ఇద్దరి పనీ ఒకరే చేస్తారు. కాలిన్‌లో, డెంటన్‌లో, డాలస్‌లో వేర్వేరు. కాబట్టి ఎవరైనా "రికార్డు లేదు" అంటే, ఎవరి రికార్డు లేదో అడుగు.

ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్య శాఖ కూడా 1968 నుంచి విడాకుల సూచిక నిర్వహిస్తోంది. అడిగితే ఫలానా కౌంటీలో ఫలానా తేదీన విడాకులు నమోదయ్యాయని ధ్రువీకరణ లేఖ ఇస్తారు. అది డిక్రీ కాదు, హైదరాబాదులో చెల్లదు. కౌంటీ బొత్తిగా తేలకపోతే మాత్రం ఆ లేఖ దారి చూపిస్తుంది.

ఇక పేరు. మన పేర్లతో కోర్టు కంప్యూటర్లు పడే అవస్థ చూసినదాన్ని కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్లకు చివర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని మూడక్షరాలు పడతాయి, పేరు తెలియదని అర్థం. ఆ మూడక్షరాలనే పేరనుకుని ఎక్కించిన ఫైళ్లు నేనే ఎన్నో చూశాను. వెంకట అని వెతికితే వందల మంది వస్తారు. లక్ష్మిని క్లర్కు ఒకచోట కేఎస్‌తో, ఇంకోచోట ఎక్స్‌తో రాసి ఉంటుంది. కాబట్టి నీ ఇంటిపేరుతో, అతని ఇంటిపేరుతో, పెళ్లయ్యాక వాడిన పేరుతో, ముందు వెనకలు మార్చి, అన్ని రకాలా వెతుకు. అతని పేరు నీ పేరుకన్నా అరుదు కాబట్టి దానితో మొదలుపెడితే త్వరగా దొరుకుతుంది. పుట్టిన తేదీ సిద్ధంగా ఉంచుకో, ఒకే పేరున్నవాళ్లను వేరు చేసేది అదే.

ఈ వెతుకులాట కౌంటీ వెబ్‌సైటులోనే ఉచితంగా చేయవచ్చు. దొరికిన వెంటనే కేసు నంబరు రాసుకో. టెక్సాస్‌లో దాన్ని కాజ్ నంబరు అంటారు, కౌంటర్‌లో ఆ మాటే వాడు. నంబరు చేతిలో ఉంటే సగం పని అయినట్టే. అయితే నీది 2012 నాటి కేసు. లాయర్లు సివిల్ కేసులు ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయాలన్న నియమం పెద్ద కౌంటీల్లో 2014 జనవరి 1న మొదలై, 2016 జూలై 1 నాటికి రాష్ట్రమంతటా వచ్చింది. నీ కేసు దానికంటే ముందుది కాబట్టి తెర మీద కేసు పేరు, తేదీలు కనిపించి కాగితం కనిపించకపోవచ్చు. కంగారు పడకు. ఫైలు గిడ్డంగిలోనో మైక్రోఫిల్మ్‌లోనో ఉంటుంది, తీయడానికి కొన్ని రోజులు పడుతుంది.

నువ్వు న్యూజెర్సీలో ఉన్నావు కాబట్టి పోస్టులో అడగడం మేలు. ముందు ఫోను చేసి రుసుము ఎంతో, ఎలా కట్టాలో కనుక్కో. టెక్సాస్‌లో పేజీకి డాలరు చొప్పున లెక్క వేస్తారు, ధ్రువీకరణకు వేరే తీసుకునే చోట్లూ ఉన్నాయి. ఉత్తరంలో కాజ్ నంబరు, ఇద్దరి పేర్లు, సంవత్సరం రాసి, "ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్, అన్ని పేజీలు, సర్టిఫైడ్ కాపీలు మూడు" అని స్పష్టంగా అడుగు. ఉత్త "డిక్రీ కావాలి" అంటే ముద్ర లేని మామూలు జిరాక్సు పంపి ఊరుకుంటారు. స్టాంపులు అంటించి నీ చిరునామా రాసిన కవరు జతచెయ్యి. మూడు ఎందుకంటే, ఒకటి హైదరాబాదుకు, ఒకటి నీ పౌరసత్వ దరఖాస్తుకు, ఒకటి నీ బీరువాకు. ఈసారి ఇల్లు మారితే ఆ బీరువా కాగితాలు నీ చేతిసంచిలో పెట్టుకుని వెళ్లు.

ఫోనులో క్లర్కుతో మర్యాదగా మాట్లాడు. "నేను ఏం చేయాలి?" అని అడిగితే చట్ట సలహా ఇవ్వకూడదంటుంది. నిజంగానే ఇవ్వకూడదు. "ఈ నంబరు ఫైలులో జడ్జి సంతకం చేసిన డిక్రీ ఉందా, ఎన్ని పేజీలు?" అని అడిగితే చక్కగా చెబుతుంది.

హైదరాబాదు సంగతి. సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే విమానం ఎక్కకు. దాని మీద అపోస్టిల్ ఉండాలి, అంటే ఈ కాగితం మీది ముద్ర, సంతకం నిజమైనవేనని విదేశాల కోసం ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం. భారతదేశంలో 2005 నుంచి ఆ అపోస్టిల్ ఒప్పందం అమలులో ఉంది. మీ న్యూజెర్సీ ప్రభుత్వం దగ్గరికి తీసుకెళ్తే వాళ్లు చేయరు. కాగితం టెక్సాస్‌ది కాబట్టి ఆస్టిన్‌లోని టెక్సాస్ సెక్రెటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికే పంపాలి. కొత్తగా తీసిన కాపీనే పంపు, దాని పిన్ను ఊడదీయకు.

ఇదంతా చాదస్తం అనుకుంటావని ఒక కేసు చెబుతాను. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న జంట. భర్త అమెరికా వెళ్లి 1980లో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు తీసుకుని, తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. అతను చూపించింది డిక్రీ ఫొటోకాపీ. కింది కోర్టు దాన్ని నమ్మి వదిలేసింది, హైకోర్టు ఒప్పుకోలేదు. 1991లో సుప్రీంకోర్టు కూడా పద్ధతి ప్రకారం ధ్రువీకరించని నకలు సాక్ష్యంగా పనికిరాదంది. అంతకన్నా పెద్ద విషయం, ఆ డిక్రీయే మన చట్టం ప్రకారం చెల్లదని తేల్చింది. భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు, విడాకులకు ఆ కోర్టు చూపిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. నీ విషయంలో నువ్వు స్వయంగా హాజరై సంతకం పెట్టావు కాబట్టి కొంత నయం. అయినా పెళ్లి తేదీ పెట్టుకునే ముందు అక్కడి లాయరుకు డిక్రీ మొత్తం చదివించు. చివర సంతకం పేజీ ఒక్కటే చూపిస్తే ఏమీ చెప్పలేరు.

పౌరసత్వానికి ఆ పాత స్పీడింగ్ టికెట్ గురించి అడిగావు. అది కౌంటీ క్లర్కు, డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర వెతికితే దొరకదు. ఊరి పోలీసులు ఇచ్చిన టికెట్ అయితే ఆ ఊరి మునిసిపల్ కోర్టు, షెరీఫు మనిషో రాష్ట్ర పోలీసో ఇస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు, అంటే చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు. ఫైలు పాతబడి తీసేశామంటే, ఆ మాటే కోర్టు కాగితం మీద రాసిమ్మని అడుగు. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం సూచనల్లో ఏ టికెట్‌కు కాగితాలు కావాలో, దేనికి అవసరం లేదో ఉంటుంది, చదువుకో.

మీ తమ్ముడి సంగతి మాత్రం వెంటనే చూడాలి. దుకాణంలో జరిగిన ఆ గొడవ కేసు కొట్టేశారు కాబట్టి రికార్డు చెరిపించేద్దామని లాయరు అన్నాడన్నావు. చెరిపించవచ్చు, కానీ ముందు ఫిర్యాదు, కేసు కొట్టేసిన ఉత్తర్వు, రెండింటికీ సర్టిఫైడ్ కాపీలు కౌంటీ క్లర్కు దగ్గర తీసుకోమను. ఎక్స్‌పంక్షన్, అంటే ఆ చెరిపివేత, అయ్యాక ఫైలే ఉండదు, అడిగినా ఇచ్చేవాళ్లు ఉండరు. ఇమిగ్రేషన్ వాళ్లు మాత్రం చెరిపేసిన అరెస్టు గురించి కూడా అడుగుతారు, కాగితం చూపమంటారు. ఉత్తర్వులో "డిఫర్డ్ అడ్జుడికేషన్" అన్న మాట ఉందేమో చూడమను. అంటే దోషి అని తేల్చకుండా షరతుల మీద తీర్పు వాయిదా వేయడం. టెక్సాస్ లెక్కలో అది శిక్ష కాదు. నేరం ఒప్పుకుని, నిఘా లాంటి షరతు పెట్టి ఉంటే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే చూస్తుంది. ఆ మాట కనిపిస్తే ఇమిగ్రేషన్ లాయరును కలవకుండా ఏ ఫారమూ నింపవద్దని గట్టిగా చెప్పు. వాడు నా మాట వినడు, నీ మాట వింటాడు.

అన్నట్టు, దివాలా కేసులు, వీసా ఆలస్యాల మీద ప్రభుత్వంపై వేసే దావాలు కౌంటీలో ఉండవు, అవి ఫెడరల్ కోర్టువి. వాటికి పేసర్ అనే వెబ్‌సైటు ఉంది. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి 3 డాలర్లు దాటదు, మూడు నెలల బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలు తీసుకోరు.

కాజ్ నంబరు దొరకగానే నాకు పంపు. కాలిన్ కౌంటీ అయితే దాని కోర్టు ఉన్న మెకిన్నీ నాకు దగ్గరే, వచ్చే వారం మీ పెదనాన్న డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కౌంటర్‌లో నేనే తీసుకుంటాను. డెంటన్ అయితే పోస్టులోనే తెప్పించుకో, ఆ ట్రాఫిక్‌లో నన్ను తిప్పకు.

నీ
పెద్దమ్మ