ట్రైకో కార్డులు కట్టినా మొగి పురుగు ఎందుకు ఆగలేదు? నీటి గుంటలో చేపలు వేస్తే డెంగీ తగ్గుతుందా?

ప్రశ్న: పాకాల ఆయకట్టు కింద మూడెకరాల్లో వానాకాలం వరి వేశాను. నాటిన నెలకు మొవ్వులు ఎండిపోతుంటే ట్రైకో కార్డులు తెచ్చి కట్టాను. మూడో రోజు పక్క పొలం రైతు మందు కొడుతుంటే నేనూ కొట్టాను. పురుగు తగ్గలేదు. ఇదిలా ఉండగా మా అబ్బాయికి డెంగీ వచ్చింది, పొలంలోని నీటి గుంట వల్లే దోమలు పెరిగాయని ఇంట్లో అంటున్నారు. గుంటలో చేపలు వదలాలా, లేక పురుగుకు కొట్టే బీటీ మందు కలపాలా? – ఒక రైతు, నర్సంపేట ప్రాంతం

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు సగం మీ లేఖలోనే ఉంది. ట్రైకో కార్డు నుంచి వచ్చే ట్రైకోగ్రామా అనే కందిరీగ, కాండం తొలిచే మొగి పురుగును ఏమీ చేయదు, దాని గుడ్డును మాత్రమే నాశనం చేస్తుంది. మిల్లీమీటరు కూడా లేని ఈ చిన్న కందిరీగ మొగి పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల ఆ గుడ్డు లోపలి పదార్థాన్ని తిని పెరుగుతుంది కనుక మొగి పురుగు అసలు పుట్టదు. మొవ్వు ఎండి, పట్టి లాగితే చేతికి ఊడి వస్తున్నదంటే పురుగు అప్పటికే కాండంలోకి చేరిందని అర్థం, ఆ తర్వాత కట్టిన కార్డులు ఆ పురుగు జోలికి పోలేవు. పైగా కార్డు నుంచి బయటికి వచ్చిన కందిరీగలు బతికేదే కొద్ది రోజులు. మూడో రోజు కొట్టిన మందుకు మొగి పురుగు కంటే ముందు అవే చనిపోయి ఉంటాయి. కార్డు కట్టడానికి వారం ముందు, కట్టిన తర్వాత వారం వరకు పురుగు మందు కొట్టకూడదు.

కార్డు కొనేటప్పుడు అందులో ఏ రకం ఉందో తప్పక అడగండి. వరిలో మొగి పురుగుకు ట్రైకోగ్రామా జపానికం, ఆకుముడత పురుగుకు ట్రైకోగ్రామా ఖిలోనిస్ వాడతారు. ఎకరాకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ పురుగులను ఆకర్షించేవి) మూడు పెట్టి, వాటిలో రెక్కల పురుగులు పడటం మొదలైనప్పుడు, లేదా ఆకుల కొనల దగ్గర గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల సముదాయాలు కనిపించినప్పుడు, ఎకరాకు 40,000 చొప్పున వారానికొకసారి కనీసం మూడు సార్లు వదలాలి. కార్డును ముక్కలుగా కత్తిరించి, ఎండ తగ్గాక ఆకు అడుగు భాగాన కట్టాలి. ఎండలో బండి మీద గంటల తరబడి తెచ్చిన కార్డు పొలానికి చేరేసరికి పనికిరాకుండా పోవచ్చు.

నూగు దట్టంగా కప్పిన గుడ్ల సముదాయంలో లోపలి వరుసల్లోని గుడ్లను ట్రైకోగ్రామా అన్నింటినీ అందుకోలేదన్న సంగతి కూడా చెప్పాలి. పొలంలో సహజంగా ఉండే టెట్రాస్టికస్, టెలినోమస్ అనే కందిరీగలు ఈ పనిలో దానికంటే గట్టివి. టెట్రాస్టికస్ పిల్ల ఒక్కటే పలు గుడ్లను తినేస్తుంది. ఇవి డబ్బు పెట్టి కొనేవి కావు, చంపకుండా ఉంటే చాలు. అందుకే వచ్చే సీజన్‌లో నాటే ముందు నారు కొనలు తుంచినప్పుడు, గుడ్లున్న కొనలను కాల్చివేయకుండా ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచి పొలం గట్టున పెట్టండి. పొదిగిన పురుగులు నీళ్లు దాటలేక చనిపోతాయి, కందిరీగలు ఎగిరి పొలంలోకి వెళతాయి.

ఇక ఇప్పుడు చేయవలసింది. జీవ నియంత్రణ అంటే మందు ముట్టకూడదన్న వ్రతం కాదు. పైరు ఇంకా పిలక దశలోనే ఉండి, చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగు గానీ ఒక గుడ్ల సముదాయం గానీ కనిపిస్తుంటే, పలుచగా నీరుంచి ఎకరాకు కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు 8 కిలోలు లేదా క్లోరాంట్రానిలిప్రోల్ 0.4జి గుళికలు 4 కిలోలు వేయండి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల జోలికి మాత్రం పోవద్దు. అవి సుడిదోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపేస్తే, వరి దుబ్బుల అడుగున రసం పీల్చే ఆ సుడిదోమ ఒక్కసారిగా పెరుగుతుంది.

మనం సుడిదోమనూ, జ్వరం తెచ్చే దోమనూ ఒకే మాటతో పిలుస్తాం గానీ వాటికి సంబంధమేమీ లేదు. డెంగీ మోసే ఏడిస్ దోమ పొలం గుంటలో కాక ఇంటి చుట్టుపక్కల శుభ్రమైన నిల్వ నీటిలో పెరుగుతుంది. పశువుల గోళెం, డ్రమ్ము, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప దానికి చాలు. పగటిపూట కుడుతుంది, ఎక్కువ దూరం ఎగరదు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికొకసారి నీళ్లు పారబోసి, పాత్ర లోపలి గోడను పీచుతో రుద్ది కడగాలి. అక్కడ అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. అబ్బాయి విషయంలో ముందు చూడవలసింది ఇంటి ఆవరణనే.

అయితే గుంటను వదిలేయమని కాదు. అలాంటి నీళ్లలో, వరి మడిలో మలేరియా మోసే అనాఫిలిస్, మెదడువాపు మోసే క్యూలెక్స్ దోమలు పెరుగుతాయి. గట్టు వెంట గడ్డి తీసి, ఆరోగ్య సిబ్బంది ద్వారా గంబూసియా చేపలు తెప్పించి వదలండి. ఒక్కొక్కటి రోజుకు వంద నుంచి మూడు వందల దోమ పిల్లలను తింటుంది. అది అమెరికా నుంచి వచ్చిన చేప, మన చేపల గుడ్లను, పిల్లలను కూడా తింటుంది, కాబట్టి అలుగు పారి వాగులోనో చెరువులోనో కలిసే గుంట అయితే వదలవద్దు. పైరుకు కొట్టిన పైరిథ్రాయిడ్ తుంపర గుంటలో పడితే ఈ చేపలు కూడా చనిపోతాయని గుర్తుంచుకోండి.

మీ దగ్గరున్న బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాతో చేసిన) మందు కలిపితే దోమలకు ఏమీ కాదు. పంటకు కొట్టేది సాధారణంగా కుర్‌స్టాకి రకం, అది ఆకు తినే గొంగళి పురుగులకు. దోమ పిల్లలను చంపేది ఇస్రాయెలెన్సిస్ రకం, 1976లో ఇజ్రాయెల్ ఎడారి ప్రాంతంలో బయటపడింది. దీన్ని దోమ పిల్ల మింగితేనే పనిచేస్తుంది. దోమగా మారే ముందు మేత మానేసిన ప్యూపా దశపై ప్రభావం ఉండదు, చేపలకు హాని లేదు. డబ్బా మీద ఆ పేరు చూసి, లేబుల్‌పై రాసిన మోతాదులో చల్లి, ప్రభావం త్వరగా తగ్గుతుంది కాబట్టి వారం, పది రోజులకోసారి గుంటలోని నీళ్లు గిన్నెలో ముంచి చూసి, దోమ పిల్లలు కనిపిస్తేనే మళ్లీ వేయండి.