మూజువాణి ఓటుతో వచ్చిన చట్టం చెల్లుతుందా?

ప్రశ్న: 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. తలలు లెక్కపెట్టకుండా చేసిన చట్టం చెల్లదని మా అన్నయ్య ఇప్పటికీ వాదిస్తారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అన్నయ్యగారి బాధ వేరు, వాదన వేరు. వాదన మాత్రం కోర్టులో నిలవదు.

సభకు వచ్చి ఓటు వేసినవారిలో మెజారిటీ ఉండాలన్నదే రాజ్యాంగం 100వ అధికరణం పెట్టిన షరతు. ఆ మెజారిటీని తేల్చే పద్ధతి సభా నియమావళిది. రాజ్యాంగ సవరణ బిల్లయితే డివిజన్, అంటే ఎవరు ఎటో ఓట్లు లెక్కపెట్టడం, తప్పనిసరి. రాష్ట్ర విభజన చట్టాన్ని అలాంటి సవరణగా చూడనక్కరలేదని 4వ అధికరణమే చెబుతోంది.

ఇక లోక్‌సభ 367వ నియమం చూడండి. 'ఔను', 'కాదు' అనే గొంతులు విని స్పీకర్ తన అంచనా ప్రకటిస్తారు. దాన్ని ఎవరూ సవాలు చేయకపోతే అంతటితో సరి. సవాలు చేస్తే లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తర్వాత మళ్ళీ అడగాలి. అప్పుడూ ఒప్పుకోకపోతే ఓట్లు నమోదు చేయాలి. అయితే డివిజన్ అనవసరంగా కోరుతున్నారని స్పీకర్‌కు తోస్తే, సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి తేల్చేయవచ్చు. అప్పుడు ఎవరి పేరూ రికార్డుకెక్కదు. నన్నడిగితే ఈ నియమం మొత్తంలో పదునైన వాక్యం ఇదే.

ఆ రోజు డివిజన్ ఇవ్వకపోవడం తప్పే అనుకుందాం. ప్రక్రియలో లోపం ఉందన్న కారణంతో పార్లమెంటు వ్యవహారాల చెల్లుబాటును ప్రశ్నించకూడదని 122వ అధికరణం అంటోంది. చట్టవిరుద్ధం, రాజ్యాంగ విరుద్ధం అయితే కోర్టు చూడవచ్చని 2007లో రాజారాం పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నా అంచనాలో డివిజన్ నిరాకరణ వట్టి ప్రక్రియా లోపమే. పైగా అధికార కాంగ్రెస్, ప్రధాన ప్రతిపక్షమైన భాజపా రెండూ బిల్లు వైపే ఉన్నాయి కాబట్టి, లెక్కపెట్టినా ఫలితం మారేదని నేననుకోను.

పోయిందల్లా పేర్ల జాబితా. మన ఎంపీ ఎటు ఓటు వేశారో చూపే కాగితం లేదు. విప్‌ను, అంటే ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశాన్ని, ధిక్కరించారని ఎవరి మీదైనా ఫిర్యాదు చేయాలన్నా ఆధారం దొరకదు.

నియమాల అసలు దెబ్బ తగిలింది రాజ్యసభలో. ఫిబ్రవరి 20న అక్కడ సవరణలు ప్రతిపాదించారు. ఒక్కటి నెగ్గినా బిల్లు మళ్ళీ లోక్‌సభ గడప తొక్కాలి. ఆ లోక్‌సభకేమో 21వ తేదీయే ఆఖరి రోజు. సవరణలు వీగిపోయాయి. అయిదేళ్ళ ప్రత్యేక హోదా ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో చేసిన ప్రకటనగా మిగిలింది, చట్టంలో సెక్షనుగా చేరలేదు. మూజువాణి అంటే నోటిమాట అనే కదా అర్థం! ఓటుగా వచ్చిన నోటిమాట చట్టమైంది, హామీగా వచ్చినది కాలేదు. మీ అన్నయ్యగారు కోపగించుకోవాల్సింది ఇక్కడ.

ఇంకొక్క మాట. అదే బిల్లును తిరస్కరిస్తూ 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ చేసిన తీర్మానం కూడా మూజువాణి ఓటుతోనే నెగ్గింది. అది చెల్లుతుందో లేదో అన్నయ్యగారినే అడిగి చూడండి.