అల్లుడు తెచ్చిన థర్మోస్టాట్, అమ్మ నొక్కిన 60

ప్రశ్న: మా అల్లుడు సంక్రాంతికి అమెరికా నుంచి వస్తూ గోడకి బిగించే థర్మోస్టాట్ ఒకటి తెచ్చేడండి, గుండ్రంగా అద్దంలా బావుంది. మా ఇంట్లో మూడు స్ప్లిట్ ఏసీలున్నాయి, ఇది పెడితే మూడూ ఒక్కచోట నుంచే నడిపెయ్యొచ్చు అన్నాడు. మా ఎలక్ట్రీషియనేమో దాని వెనకాల చూసి తల గోక్కుంటున్నాడు. ఏం చెయ్యమంటారు? (పాలకొల్లు నుంచి ఓ పాఠకుడు)

జవాబు: తల గోక్కున్నాడంటే మంచివాడేనండి. ధైర్యం చేసి ఫేజూ న్యూట్రలూ ఇచ్చేసే రకమైతే ఈపాటికి అది పొగ వచ్చేసి ఉండేది. అది పనిచేసేది 24 వోల్టుల మీద, మన గోడలో ఉన్నవి 230 వోల్టులు. అక్కడి ఇళ్ళల్లో చాలావాటికి ఇల్లంతటికీ కలిపి ఒకే మెషీను ఉంటుంది, అటకమీదో కింద సెల్లార్లోనో, దాన్నుంచి గొట్టాల్లో గాలి అన్ని గదులకీ వెళ్తుంది. గోడమీది థర్మోస్టాట్ చేసే పనల్లా గదిలో వేడి ఎంతుందో చూసి ఆ మెషీన్ని ఆన్ చెయ్యి, ఆపు అని చెప్పడమే. మన స్ప్లిట్ ఏసీకి ఆ పని చేసే బోర్డు దాని పొట్టలోనే ఉంది, రిమోట్‌తో మాట్లాడేది దానితోనే, బయటినుంచి ఇలాంటి వైర్లు తగిలించే చోటే ఉండదు దానికి. మూడూ ఫోన్లోంచి నడపాలన్న సరదా ఉంటే రిమోట్ బదులు సిగ్నల్ కొట్టే చిన్న వైఫై డబ్బాలు దొరుకుతాయి, గదికొకటి పెట్టుకోండి. అల్లుడిగారిది మాత్రం తిరిగి సూట్‌కేసులో పెట్టేయండి, అక్కడ వాళ్ళింటికి పనికొస్తుంది. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలన్నది మీ ఇంటి వ్యవహారం, నేను రాను మధ్యలోకి.

ప్రశ్న: మాది రావులపాలెం, ఇప్పుడు ఒహాయోలో ఉంటున్నా. పాతింట్లో బ్యాటరీలతో నడిచే థర్మోస్టాట్ తీసి వైఫైది పెడదామని చూస్తే సీ వైరు కావాలి అంటోంది, నా గోడలో ఆర్, డబ్ల్యూ, వై, జీ నాలుగే ఉన్నాయి. మనిషిని పిలిస్తే బోల్డు అడుగుతున్నాడు. నేనే చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు, కానీ పాతది గోడ మీంచి పీకే ముందు రెండు పనులు. ముందు బ్రేకర్ ఆపండి, హీటర్ మెషీను పక్కన విడిగా స్విచ్ ఉంటే అదీ ఆపండి. తర్వాత ఏ వైరు ఏ అక్షరం కింద ఉందో ఫోన్లో ఫొటో తీసుకోండి. రంగుల్ని నమ్మొద్దు, కట్టినవాడి దగ్గర ఆరోజు ఏ రంగు ఉంటే అది లాగేసి ఉంటాడు, అక్షరమే చూడాలి. ఆర్ అంటే కరెంటు వచ్చే వైరు, డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జీ ఫ్యానుకి. పాతది బ్యాటరీలతో బతికింది గనక దానికి తిరుగు వైరు అవసరం పడలేదు, వైఫైదానికి ఇరవైనాలుగ్గంటలూ కరెంటు కావాలి, ఆ తిరుగుదారే సీ. గోడలోంచి వచ్చే గుత్తిని కొంచెం బయటికి లాగి చూడండి, చాలా ఇళ్ళల్లో వాడని వైరొకటి వెనక్కి మడిచేసి ఉంటుంది. ఉంటే పండగే, కానీ ఇక్కడ తగిలించి ఊరుకుంటే కాదు, రెండో కొస మెషీను బోర్డు మీద కూడా సీ దగ్గర తగిలించాలి, చాలామంది ఇక్కడే మర్చిపోయి కొత్తది పాడైపోయి వచ్చిందని తిట్టుకుంటారు. అదనపు వైరు లేకపోతే కొన్ని కంపెనీలు డబ్బాలోనే అడాప్టర్ ఇస్తాయి, లేదా 24 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గుకి పెట్టుకోవచ్చు. కొందరు జీ వైరునే సీగా వాడేయమంటారు, పని నడుస్తుంది గానీ ఫ్యాను ఒక్కటీ విడిగా తిప్పుకునే వీలు పోతుంది, నాకు నచ్చదు అది.

బ్రేకర్ ఆపకుండా చేస్తుంటే ఆర్ వైరు సీకి తగిలిందనుకోండి, మీకేం కాదు గానీ మెషీను బోర్డు మీద కారుల్లో ఉండేలాంటి చిన్న ఫ్యూజు, 3 ఆంపియర్లదో 5 ఆంపియర్లదో ఉంటుంది, అది కొట్టేస్తుంది. తెరమీద ఏమీ రాకపోతే ముందు అది చూడండి, చవక ఫ్యూజే. ఇంకోటి, చల్లదనం, వేడి రెండూ ఒకే మెషీను ఇచ్చే హీట్ పంపు ఇల్లయితే ఓ లేదా బీ అని ఇంకో అక్షరం తగుల్తుంది, అక్కడ తప్పు ఆప్షన్ నొక్కితే చల్లగాలి అడిగితే వేడిగాలి వస్తుంది, కంగారు పడకుండా సెట్టింగ్ మార్చుకుంటే చాలు. ఇదంతా సన్న వైర్ల కథ. తీసి చూస్తే లావుపాటి వైర్లు రెండో నాలుగో, కొసల్లో టోపీలు పెట్టి ఉన్నాయంటే అది 120 లేదా 240 వోల్టుల రకం, వెంటనే మూసేసి ఆ మనిషినే పిలవండి, ఎంత అడిగినా సరే.

ప్రశ్న: మాది అంబాజీపేట పక్కన పల్లెటూరండి. అబ్బాయి, కోడలు టెక్సస్‌లో ఉంటే ఆర్నెల్లు ఉందామని వచ్చేం. పగలు వాళ్ళు ఆఫీసుకి వెళ్ళిపోయాక ఇల్లు కొలిమిలా అయిపోతుంది. గోడమీద దాన్ని నేను 72 పెడితే కాసేపటికి దానంతటదే 82 అయిపోతోంది, దెయ్యం పట్టినట్టు. ఒళ్ళు మండి 60 పెట్టేసేను. అయినా త్వరగా చల్లబడదు, పైగా బిల్లు చూసి అబ్బాయి మొహం మాడ్చుకుంటున్నాడు.

జవాబు: దెయ్యం ఏమీ లేదమ్మా, అది మీ అబ్బాయి పెట్టుకున్న టైంటేబులు. పొద్దున్న లేచేటప్పుడు ఇంత, ఆఫీసుకి వెళ్ళాక ఇంత, వచ్చాక ఇంత, పడుకున్నాక ఇంత అని బడిగంటల్లా నాలుగు వేళలు పెట్టుకుంటారు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కదా అని 82 దాకా వదిలేసేడు, అక్కడ ఫారెన్‌హీట్ లెక్క కదా, అంటే మన సెల్సియస్ లెక్కలో దాదాపు 28 డిగ్రీలు. మీరు వచ్చేరన్న సంగతి అబ్బాయికి తెలుసు, గోడకి తెలీదు. కొన్నిటికైతే ఇంకో చమత్కారం, ఫోను ఇంట్లోంచి బయటికెళితే ఇల్లు ఖాళీ అయిపోయిందనుకుంటుంది, అందులో మీ ఫోను లేదు కాబట్టి మీరసలు లేనట్టే లెక్క. మీరు 72 నొక్కితే టైంటేబుల్లో తర్వాతి గంట కొట్టేదాకానే ఆ మాట చెల్లుతుంది. హోల్డ్ అని ఒక బొత్తం ఉంటుంది, అది నొక్కితే మీరు పెట్టిందే నిలుస్తుంది. దానికన్నా అబ్బాయిని కూర్చోబెట్టి మీరున్న ఆర్నెల్లకీ పగటి లెక్క మార్చమనండి, అసలు అతను మొదటి రోజే చెయ్యాల్సిన పని.

ఇంక 60 సంగతి. మన డాబామీద ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్ పెట్టుకుంటాం కదా, నీళ్ళు ఫలానా గీతకి రాగానే మోటారు ఆగేది. ఆ గీత పైకి జరిపితే మోటారు జోరుగా తోడదు, ఎక్కువసేపు తోడుతుంది అంతే. ఇదీ అంతే, 72 పెట్టినా 60 పెట్టినా మామూలు మెషీను అదే జోరు, కాకపోతే 60 కోసం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. 60 అంటే పదహారు డిగ్రీల లోపు, మండువేసవిలో ఆ ఇల్లు అక్కడికి రాదు కూడా, తిరిగి తిరిగి ఒక్కోసారి లోపల గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అదే కాయిల్, దాని మీద మంచు పట్టేసి అసలు గాలే ఆగిపోతుంది. 76, 78 పెట్టి ఫ్యానేసుకోండి, మనకి 78 అంటే పాతిక చిల్లరే, రోహిణి కార్తెలో కోనసీమలో అది దొరికితే స్వర్గం కదా. ఊరికే నొక్కుతూ ఉండొద్దు, ఆగిన మెషీను మళ్ళీ మొదలవడానికి ఐదు నిమిషాలు పట్టొచ్చు, మోటారు దెబ్బ తినకుండా కావాలనే అలా పెడతారు.

అన్నట్టు, థర్మోస్టాట్ కింద దేవుడి గూడు ఉందేమో చూడండి. నవ్వుకోకండి, ఒకరింట్లో నేను చూసేను, సరిగ్గా దాని కిందే దీపం, ఆ వేడికి అది ఇల్లంతా ఉడికిపోతోందనుకుని ఏసీ తిప్పుతూనే ఉంది. అదే చలికాలమైతే తిరకాసు, దీపం వేడికి ఇల్లు వెచ్చగా ఉందనుకుని హీటరు ఆపేస్తుంది, మీరు శాలువాల్లో వణుకుతారు.

ప్రశ్న: రాజోలు. మా పదీ పన్నెండు గదికి రెండు టన్నుల ఏసీ పెట్టించేం. 18 పెడితే చలి, తీస్తే ఉక్క. పక్కలు చెమ్మగా ఉంటున్నాయి. ఏసీ తేడానా?

జవాబు: తేడా లేదండి, ఎక్కువైపోయింది. మనది కాలవల దేశం, వేడి కన్నా గాల్లో తడే మన శత్రువు. ఏసీ ఆ తడిని పిండాలంటే కాసేపు నిలకడగా తిరగాలి, మీ రెండు టన్నులది ఆ చిన్న గదిని గబుక్కున చల్లబరిచేసి తగ్గిపోతోంది, తడి అలాగే ఉండిపోతోంది, అందుకే ఆ చల్లటి చెమ్మ. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సు కోసం చేసిన మొదటి మెషీను కూడా మనుషుల వేడి కోసం కాదు, తడికి కాగితం సాగి అచ్చు చెడిపోతోందని. ఇప్పుడు మార్చమని నేనెలా అంటాను, అంతంత డబ్బు పోసి కొన్నారు. డ్రై మోడ్ అని రిమోట్ మీద నీటిబొట్టు బొమ్మ ఉంటుంది, వానాకాలం సాయంత్రాలు అది వాడండి. రాత్రికి 26 పెట్టి సీలింగ్ ఫ్యాను మెల్లగా వేసుకోండి. డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ప్రభుత్వం లెక్క, 2020 జనవరి నుంచి స్టార్ గుర్తున్న ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 మీద మొదలయ్యేలా రూలు పెట్టింది కూడా అందుకే. తెల్లారుజామున లేచి దుప్పటి వెతుక్కునే బాధ ఉంటే స్లీప్ మోడ్ నొక్కండి, రాత్రి గడిచేకొద్దీ అదే కొంచెం కొంచెం పెంచుతుంది. గదికి వంటింటి తలుపు ఆనుకుని ఉంటే వేసి ఉంచండి, లేదంటే గంజి వార్చిన ఆవిరంతా మీ ఏసీయే మింగాలి.

ఇంతా రాసేరు గానీ ఫిల్టరు కడిగి ఎన్నాళ్ళయిందో రాయలేదు. ముందు మూత తీసి అది చూడండి, తర్వాత మిగతావి.