త్రిత్వాన్ని పిల్లలకు ఎలా చెప్పాలి? కోడిగుడ్డుతో మాత్రం వద్దు

“క్రైస్తవులకు దేవుడు ఒక్కడా, ముగ్గురా? ఒక్కడే అయితే ఆ సంగతిని పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? మన త్రిమూర్తుల వంటిదేనని చెప్పవచ్చునా?” అని అడిగారు. నేను హనుమకొండలో చాలా ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. ఆదివారం ఉదయం మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. వేదాంత కళాశాల గడప ఎన్నడూ తొక్కలేదు. ఈ విషయంలో నాకు మొదటి గురువు ఒక ఉడకబెట్టిన కోడిగుడ్డు.

పెంతెకొస్తు పండుగ తరువాత వచ్చే ఆదివారాన్ని మేము త్రిత్వ ఆదివారంగా ఆచరిస్తాము. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడు ఒక్కడే అన్న నమ్మకమే త్రిత్వం. ఆ ఏడు అది బడులు తెరిచిన వారంలో వచ్చింది. మృగశిర కార్తె వచ్చినా చినుకు జాడ లేదు. రేకుల కింద ఇరవై మంది పిల్లలు, తిరగనని మొండికేసిన ఒక ఫ్యాను. నేను జేబులోంచి గుడ్డు తీసి బల్ల మీద పెట్టగానే వాళ్ళ కళ్ళు మెరిశాయి, పాఠం కోసం కాదని నాకూ తెలుసు. పెంకు ఒలుస్తూ “ఇది తండ్రి” అన్నాను, తెల్లసొన చూపి “కుమారుడు” అన్నాను, కోసి పచ్చసొన చూపి “పరిశుద్ధాత్మ” అన్నాను. “మూడు ఉన్నాయి, అయినా గుడ్డు ఒక్కటే” అని ముగించి, ఎంత చక్కగా చెప్పానో అని లోలోపల మురిసిపోయాను. ముందు వరుసలో కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు చేయి ఎత్తి, “సార్, పెంకు పారేస్తం గదా, మరి తండ్రిని ఏం చేస్తం?” అని అడిగాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పెంకు ముక్కలు అప్పటికే చెత్తబుట్టలో ఉన్నాయి. వాటిని చూస్తూ ఆ పూట ఇక ఒక్క మాట కూడా సరిగా చెప్పలేకపోయాను. పెంకు ఒక్కటీ గుడ్డు కాదు, సొన ఒక్కటీ గుడ్డు కాదు, మూడూ కలిస్తేనే గుడ్డు. సంఘం నమ్మేది అది కానే కాదు: తండ్రి సంపూర్ణంగా దేవుడు, కుమారుడు సంపూర్ణంగా దేవుడు, పరిశుద్ధాత్మ సంపూర్ణంగా దేవుడు, ఎవరూ దేవునిలో మూడో వంతు కారు. నేను చెప్పిన పాఠం దేవుణ్ణి ముక్కలు చేసింది, ఆ సంగతి నాకంటే ముందు ఆ పిల్లవాడికే తట్టింది.

తరువాతి ఆదివారం నీళ్ళు, మంచుగడ్డ, ఆవిరి పట్టుకున్నాను. ఈ ఉపమానం మన ప్రాంతపు ప్రసంగాలలో ఎంత అరిగిపోయిందో చెప్పనక్కరలేదు. ఈసారి వెనుక వరుసలోని ఆడపిల్ల లేచి, “యేసయ్య బాప్తిస్మం తీసుకున్ననాడు ఆయన నీళ్ళల్ల ఉండె, తండ్రి పైనుంచి మాట్లాడె, ఆత్మ పావురమోలె దిగె. అవే నీళ్ళు ఒక్కపారే ఐసు, ఆవిరి ఎట్లయితయి సార్?” అంది. మత్తయి సువార్త మూడో అధ్యాయం ఆ పిల్లకు నోటికి వచ్చు. మా బడిలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు నన్ను ఆదుకోబోయి, 0.01 డిగ్రీల సెల్సియస్ వద్ద, చాలా తక్కువ పీడనంలో, మూడు స్థితులూ ఒకేసారి ఉంటాయని చెప్పాడు. ఉండనీ, అప్పుడు కూడా మంచుగా ఉన్న నీరు వేరు, ఆవిరిగా ఉన్న నీరు వేరు కదా! పైగా ఏ మంచుగడ్డా ఆవిరితో మాట్లాడదు. గెత్సేమనే తోటలో యేసు “తండ్రీ” అని ప్రార్థించింది తనకు తాను కాదు. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా వేషాలు మారుస్తాడన్న బోధ మూడో శతాబ్దంలోనే సబెల్లియసు అనే బోధకుని పేరుతో బయలుదేరింది, సంఘం దాన్ని అప్పుడే తోసిపుచ్చింది. అదే బోధను నేటి ప్రసంగీకులు ఐసు ముక్కలో పెట్టి పంచుతున్నారు.

అప్పుడు నేను నా సొంత పనిముట్టును, అంటే వ్యాకరణాన్ని, చేతిలోకి తీసుకున్నాను. తెలుగులో వస్తువులను లెక్కపెడితే మూడు, మనుషులను లెక్కపెడితే ముగ్గురు. లెక్కించే ముందు మనం అడిగేది “ఏమిటి?” అనా, “ఎవరు?” అనా అన్నది తేలనిదే తెలుగువాడు నోరు తెరవలేడు. నల్లబల్ల మీద ఈ రెండు ప్రశ్నలే రాశాను. దేవుడు ఏమిటి అని అడిగితే జవాబు ఒక్కటే, ఒకే దైవత్వం. ఆ దైవత్వం గలవారు ఎవరు అని అడిగితే ముగ్గురు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెబితే అది అబద్ధం. రెండు ప్రశ్నలకు రెండు జవాబులు చెబితే అందులో వైరుధ్యం ఎక్కడిది? యోహాను సువార్త పదో అధ్యాయంలో “నేనును తండ్రియును ఏకమై యున్నాము” అన్న వాక్యం చూడండి. “ఏకము” అన్నాడు గాని “ఒక్కడను” అనలేదు, క్రియ మాత్రం బహువచనం. గ్రీకు మూలంలోనూ ఇంతే: “ఒకటి” అన్న పదం నపుంసకలింగం, క్రియ బహువచనం. సబెల్లియసు “ఎవరు?” అన్న ప్రశ్న దగ్గర తప్పాడు. అలెగ్జాండ్రియాకు చెందిన అరియసు “ఏమిటి?” అన్న ప్రశ్న దగ్గర తప్పి, కుమారుడు సృష్టింపబడినవాడని బోధించాడు. 325లో నికయ పట్టణంలో కూడిన సంఘ పెద్దల సభ కుమారుడు తండ్రితో ఏకసారం గలవాడని, అంటే ఇద్దరి దైవత్వం ఒక్కటేనని, ప్రకటించింది ఆ రెండో తప్పును దిద్దడానికే.

పరిశుద్ధాత్మ విషయంలో మా సంఘాలలో ఈనాటికీ జరిగే తప్పు ఒకటుంది. “ఆత్మ దిగింది, ఆత్మ కమ్మేసింది” అని మైకు పగిలిపోయేలా అరుస్తారు, ఏదో కరెంటు వచ్చినట్లు. తెలుగులో ఆత్మ అనే మాట అమహత్తు, అంటే “అది” అని చెప్పుకునే మాట, కాబట్టి నాలుక అటు జారుతుందని ఒప్పుకుంటాను. అయితే మన బైబిలు అనువాదకులు యోహాను పదహారో అధ్యాయంలో “ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ” అని జాగ్రత్తగా రాశారు. గ్రీకులో ఆత్మకు వాడే మాట నపుంసకలింగమే అయినా ఆ చోట సర్వనామం పుంలింగంలోనే ఉంది. నికయ సభ ప్రకటించిన విశ్వాస ప్రమాణం పరిశుద్ధాత్మ గురించి నమ్ముతున్నామని ఒక్క ముక్క అని ఆగిపోయింది. ఆయన ప్రభువనీ, జీవమిచ్చువాడనీ, తండ్రితోను కుమారునితోను కూడా ఆరాధింపబడువాడనీ చెప్పడానికి మరో 56 ఏళ్ళు పట్టి, 381లో కాన్‌స్టాంటినోపులులో ఇంకొక సభ కూడవలసి వచ్చింది. “అది” కాదు, “ఆయన” అని చెప్పడానికి అంత శ్రమపడ్డారు పెద్దలు. మనవాళ్ళు దాన్ని ఒక్క “దిగింది”తో చెరిపేస్తున్నారు.

ఇంకొక బాధ అనువాదకులతో. ఒక మైదానంలో పెద్ద కూటం జరుగుతుంటే, ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలిగిస్తున్న యువకుడు “మూడు వ్యక్తులు” అని పదేపదే అన్నాడు. మూడు కుర్చీలు, మూడు బస్తాలు, మూడు వ్యక్తులు! అలాగని “వ్యక్తి” అనే మాటతో నాకు పూర్తి తృప్తి ఉందనుకోకండి. అది వినగానే వేరువేరు శరీరాలు గల ముగ్గురు మనుషులు కళ్ళ ముందు నిలుస్తారు. త్రిత్వం మీద పెద్ద గ్రంథమే రాసిన ప్రాచీన సంఘ వేదాంతి అగస్టీను కూడా, “ముగ్గురు వ్యక్తులు” అనడం ఆ సంగతిని చెప్పగలిగామని కాదు, ఊరక ఉండిపోకూడదని, అని ఒప్పుకున్నాడు. అందుకే నేను పిల్లలకు “వ్యక్తి” అనకుండా “ఎవరు” అనే చెబుతాను. ఈ పని ఇంగ్లీషుకంటే తెలుగులోనే సులువన్నది నా గట్టి నమ్మకం, ఎవరు వాదించినా మార్చుకోను.

త్రిమూర్తుల పోలిక సంగతికి వస్తే, నా పాత సహోద్యోగి ఒకాయన, శివభక్తుడు, నాకు ఎంతో ఆప్తుడు, “మన వేయిస్తంభాల గుడి లాంటిదే కదండీ” అన్నాడు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుడులు, నడుమ ఒకే రంగమండపం. అందమైన పోలికే గాని ఇక్కడ అతకదు. అక్కడ ఒక సన్నిధిలో దండం పెట్టుకుని రెండో సన్నిధికి వెళ్ళకుండా ఇంటికి రావచ్చు. క్రైస్తవుని ప్రార్థన తండ్రికి, కుమారుని ద్వారా, ఆత్మయందు జరుగుతుంది. ఒకరిని విడిచి మరొకరి దగ్గరకు వెళ్ళే దారి లేదు. త్రిమూర్తులలో సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయం ఒకరిది అని చెబుతారు. ఇక్కడ పనిని అలా పంచలేము: సృష్టి తండ్రిదే, అయినా అది బైబిలు “వాక్యము” అని పిలిచే కుమారుని మూలంగా కలిగింది, ఆత్మ జలముల మీద అల్లాడుచుండెను. బాప్తిస్మమిచ్చే వాక్యంలో కూడా తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురినీ చెప్పి “నామములోనికి” అన్నారు, “నామములలోనికి” అనలేదు.

ఆ తరువాతి ఏడాది త్రిత్వ ఆదివారానికి గుడ్డు లేదు, ఐసు లేదు, నల్లబల్ల మీద రెండు ప్రశ్నలు మాత్రమే. కోడిగుడ్డు పిల్లవాడికి అప్పటికి పదేళ్ళు. అంతా విని, “సార్, ముగ్గురున్నరు గదా, మరి ప్రార్థనల ‘మీరు’ అనకుంట ‘నీవు’ అంటం ఎందుకు?” అని అడిగాడు. “ముగ్గురైనా దేవుడు ఒక్కడే కనుక” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “మా తాత ఒక్కడే, ఆయన్ను మీరంటం” అన్నాడు.