లేడీ పాజెట్ క్లియోపాత్రా ఫొటో దొరకట్లేదు: సమాధానం

ఒక బాల్‌లో క్లియోపాత్రా వేషం వేసిన లేడీ పాజెట్ ఫొటో ఎంత వెతికినా దొరకట్లేదని అడిగారు. అది దొరకనిది పేరు వల్లే. మీరు "జనరల్ సర్ ఆర్థర్ పాజెట్, లేడీ పాజెట్" అని వెతుకుతున్నారు. ఆ డెవాన్‌షైర్ హౌస్ ఫ్యాన్సీ డ్రెస్ బాల్ (వేషాలు వేసుకుని వెళ్లే నృత్య విందు) జరిగింది 1897 జులై 2న, లండన్‌లో. అప్పటికి ఆయన జనరల్ కాదు, "సర్" కూడా కాదు. ఆ రెండూ 1900 దాటాకే వచ్చాయి.

1. "మిసెస్ ఆర్థర్ పాజెట్" అని వెతకండి. అందరూ తప్పేది ఇక్కడే. అప్పట్లో భార్యను భర్త పేరుతోనే రాసేవారు, అదీ ఆ రోజుకు ఉన్న హోదాతో. "మిన్నీ" అన్నది ఈ లేడీ పాజెట్ ముద్దుపేరు.

2. పేరు పక్కన "క్లియోపాత్రా" చేర్చండి. క్లియోపాత్రాగా లేడీ డి గ్రే కూడా వచ్చింది (ఇద్దరు ఎదురుపడ్డప్పుడు ముఖాలు చూడాల్సింది!). అందుకే వేషం ఒక్కటే చూసి ఖాయం చేసుకోకండి.

3. జంట ఫొటో కోసం చూడకండి. ఆ బాల్ అతిథుల ఫొటోలు తీసిన లఫాయెట్ స్టూడియోవి ఎక్కువగా ఒక్కొక్కరివే. భర్త కోసం విడిగా వెతకాలి.

4. లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఆ బాల్ ఆల్బమ్ చూడండి.

ఇంకో "లేడీ పాజెట్" తగిలితే కంగారు పడకండి. వాల్‌బుర్గా రాయబారి భార్య. లీలా అయితే మిన్నీ కూతురే, పెళ్లాడింది ఆ వాల్‌బుర్గా కొడుకునే. మీకు కావలసింది అమెరికాలో పుట్టి, 1878లో ఆర్థర్‌ను పెళ్లి చేసుకున్నావిడ.