అలసిపోయే ముందే ఆపు: ఎంఎస్ ఉన్న అమ్మాయికి ఉత్తరం

అమ్మలూ,

నడక మొదలుపెడితే కాళ్లు బరువెక్కుతున్నాయనీ, చూపు మసకబారుతోందనీ, భయమేసి అన్నీ మానేశాననీ రాశావు. మానేయకు. చేసే పద్ధతి మార్చుకుంటే చాలు.

ముందు ఆ మసక సంగతి. ఎంఎస్ అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు కదా, అందులో నరాల మీదుండే మైలిన్ పొర దెబ్బతింటుంది. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా అలాంటి నరంలో సంకేతాలు తడబడతాయి. ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే దీన్ని రాసిపెట్టాడు. ఒళ్లు చల్లబడితే ఆ మసక పోతుంది, దానివల్ల నరానికి కొత్తగా వచ్చే నష్టం లేదు. అయినా చాలాకాలం డాక్టర్లు కూడా కదలొద్దు, విశ్రాంతి తీసుకో అనేవారు. 1996లో అమెరికాలోని యూటాలో ఎంఎస్ ఉన్నవాళ్ల చేత 15 వారాలు వ్యాయామం చేయించి చూశారు. దమ్ము, కండబలం రెండూ పెరిగాయి.

కాబట్టి ఫ్యాన్ కింద, ఒంట్లో ఓపికున్న ఉదయం పూట, మధ్యమధ్యలో చల్లటి నీళ్లు తాగుతూ చెయ్యి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ కొలత. వారానికి రెండుసార్లు అరగంట నడకో సైకిలో, రెండుసార్లు కండబలానికి వ్యాయామం. ఇది నీలాంటివాళ్లకి సరిపోయే లెక్క. ఒక్క దమ్మున కాకపోతే పదేసి నిమిషాలుగా విడగొట్టు. ఇంకాస్త చేయగలననిపించినప్పుడే ఆపెయ్. ఈ మాట ఎవరికీ నచ్చదు, ముఖ్యంగా నీలాంటి పట్టుదల మనిషికి!

బిగుసుకుపోయే పిక్కని నెమ్మదిగా సాగదీసి అరనిమిషం అలాగే ఉంచు. కుదుపులిస్తే ఇంకా బిగుస్తుంది. బ్యాలెన్సు కోసం గోడ మూలకి వీపు పెట్టి, ముందు కుర్చీ వేసుకుని నిలబడు. ఎటు తూలినా ఆసరా ఉంటుంది.

జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే వ్యాయామం వద్దు. కొత్త లక్షణం వచ్చి 24 గంటలైనా తగ్గకపోతే న్యూరాలజిస్టుకి ఫోన్ చెయ్యి, అది వేడి వల్ల వచ్చింది కాకపోవచ్చు.

పాదం నేలకి రాసుకుంటోందన్నావు కదా, దానికి చీలమండకి తొడిగే స్ప్లింటు ఉంది. మీ ఫిజియోని అడుగు. చేతికర్ర మాటెత్తితే నీకు కోపం, తెలుసు. అయినా చెబుతున్నా. నీ కుడికాలు బలహీనం కనక కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలి. చాలామంది బలహీనమైన వైపే పట్టుకుని ఒరిగిపోతూ నడుస్తారు. చెప్పులేసుకుని, చేతులు వదిలేసి నిటారుగా నిలబడితే కర్ర పిడి నీ మణికట్టు దగ్గరికి రావాలి. కొలత తీయించుకోకుండా మాత్రం కొనకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ