గాలివానలో పడ్డారు సరే, ఆ నిమిషానికి ఆర్డర్ నడుస్తోందా?

సందేహం: మూడు నెలల కిందట రాత్రి గాలివానలో డెలివరీకి తిరుగుతుంటే చెట్టు కొమ్మ విరిగి బైక్ ముందు పడింది. బండి అదుపు తప్పి కాలు విరిగింది. 108లో ఆస్పత్రికి తీసుకెళ్లారు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇంటి మెట్ల మీద జారిపడ్డానని రాయించాను. కంపెనీ వాళ్లు పలకడం లేదు, ఐడీ కూడా ఆపేశారు. ఫ్రెండ్ బైక్ గుద్దినట్టు చూపిస్తే ఇన్సూరెన్స్ వస్తుందని ఒకాయన అంటున్నాడు. కంపెనీ మీద కేసు వేయొచ్చా?

సలహా: కంపెనీ ఎంత అన్యాయం చేసిందో వివరంగా రాశారు గానీ, కేసును తేల్చే సంగతి మాత్రం రాయలేదు. కొమ్మ పడిన నిమిషానికి ఆర్డర్ మీ యాప్‌లో నడుస్తోందా, లేక డెలివరీ ఇచ్చేసి ఇంటికి వెళ్తున్నారా? కంపెనీలు డెలివరీ వాళ్లకు తీసుకునే గ్రూప్ ప్రమాద బీమా చాలావరకు లాగిన్‌లో ఉన్న సమయానికో, చేతిలో ఆర్డర్ ఉన్న సమయానికో ముడిపడి ఉంటుంది. కాబట్టి ముందు ఆ పాలసీ కాపీ, ఆ రాత్రి ఆర్డర్ లాగ్ (ఏ ఆర్డర్ ఏ టైమ్‌కి నడిచిందో చూపే యాప్ రికార్డు) కావాలని మీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి ఈరోజే రాయండి, ఫోన్‌లో అడిగితే రుజువు ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా క్లెయిమ్ సమాచారం రాతపూర్వకంగా పంపండి, ఆలస్యం ఎందుకైందో అందులోనే చెప్పండి. తగిన కారణం ఉన్న నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం ఒక్కటే చూపి తిరస్కరించకూడదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది.

మెట్ల మీద పడ్డానని ఎందుకు రాయించారండీ? కొమ్మ అడ్డం పడి మీ బండి పడితే మీ మీద ఏం కేసు పెడతారు? ఆ భయంతో చెప్పిన ఒక్క మాట ఇప్పుడు డిశ్చార్జ్ సమ్మరీలో కూర్చుంది, బీమా వాళ్లు మొదట చూసేది దాన్నే. ఆ కాగితం దిద్దించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. అయితే మిమ్మల్ని 108 ఎక్కించుకున్నది ఇంటి దగ్గర కాదు, రోడ్డు మీద. ఏ టైమ్‌కి, ఎక్కడి నుంచి తీసుకెళ్లారో వాళ్ల రికార్డులో ఉంటుంది, దాని నకలుకు దరఖాస్తు పెట్టండి. 108కి ఫోన్ చేసిన మనిషిని, ఆర్డర్ ఎక్కడుందని అడిగిన కస్టమర్ కాల్ వివరాలను వెతకండి. అప్పుడు ఎందుకు అలా చెప్పారో నిజం రాసి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, దానికి అసలు ఫోన్ మీ దగ్గర ఉండాలి.

ఇక ఫ్రెండ్ బైక్ సంగతి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద రోడ్డు ప్రమాద పరిహారం దరఖాస్తుకు ఆరు నెలలే గడువు కాబట్టి ఆ సలహా ఇచ్చినాయన మిమ్మల్ని తొందర పెడుతుంటాడు. వినకండి. ఆస్పత్రి కాగితంలో మెట్లు, 108 రికార్డులో రోడ్డు, మీ పిటిషన్‌లో ఫ్రెండ్ బైక్, ఇలా మూడు కథలు ఒకే కాలి గురించి ఉంటే బీమా లాయర్‌కు పెద్దగా పనే ఉండదు. కోర్టులో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు, మీతోపాటు ఫ్రెండ్ కూడా ఇరుక్కుంటాడు. పైగా నిజంగా రావాల్సిన క్లెయిమ్ కూడా పోతుంది.

మీ బైక్ పాలసీలోని 15 లక్షల ఓనర్ కవర్ (బండి నడిపే యజమానికి ఉండే ప్రమాద బీమా) మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే, అతుక్కునే ఎముకకు రాదు. కాలు శాశ్వతంగా దెబ్బతిందని డాక్టర్ అంటే అప్పుడు ఆ కాగితాలతో రండి, చూద్దాం.

గ్రూప్ బీమా క్లెయిమ్ తిరస్కరిస్తే తిరస్కరణ లేఖ రాతలో తీసుకుని, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, దీనికి ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్లు. కంపెనీ మీద కేసు ఆ తర్వాతి మాట, ఆర్డర్ లాగ్ చేతికొచ్చాక నోటీసు ఇద్దాం.

మీతో పనిచేసే వాళ్లకూ ఒక మాట చెప్పండి. గాలి ఎక్కువైతే బండి ఆపేయాలి, చెట్టు కిందా హోర్డింగ్ కిందా కాకుండా గట్టి కట్టడం లోపల నిలబడాలి, సపోర్ట్ చాట్‌లో ‘గాలివాన వల్ల ఆగాను’ అని టైప్ చేయాలి. ఆ చాట్ స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే మిగతా పని.